అన్న జేబులోని అయస్కాంతం

దవాఖానలో మా చేతికిచ్చిన కవర్లో అన్న వస్తువులు మూడే ఉన్నాయి. అద్దం పగిలిన ఫోను, ఇంటి తాళంచెవి, వేలెడు పొడవున్న ఒక నల్ల పలక. తాళంచెవి ఆ పలకకు అతుక్కొని ఉంది. మా బాపు దాన్ని ఊడదీయబోయాడు. వచ్చినట్టే వచ్చి మళ్ళీ టక్కున అతుక్కుంది. కవరు అట్లాగే మడిచి, ఇంటికొచ్చాక బియ్యం డబ్బా వెనక పెట్టాడు. ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు దాన్ని ఎవరం ముట్టుకోలేదు.

ఆ ఆరు నెలలు బాపు సరిగ్గా నిద్రపోలేదు కూడా.

మేము భూపాలపల్లిలో బొగ్గు బాయి క్వార్టర్లలో ఉండేవాళ్ళం. సొంతూరు రఘునాథపల్లి దగ్గర. బాపు పేరు పాపయ్య. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. అవ్వ, అంటే మా అమ్మ, పేరు సాలమ్మ. అన్న జయపాల్ నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇంటర్ తప్పి చదువు మానేశాడు. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో తెలంగాణ ఉద్యమం పాటల సభలైన ధూంధాంలలో గిటారు వాయించేవాడు. మా రెండు వైపుల చుట్టాల్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. జనగామలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివాను. 2011 ఏప్రిల్‌లో, నా చివరి పరీక్షలకు వారం ముందు, మహబూబాబాద్‌లో ధూంధాం ముగించుకొని బండి మీద వస్తున్న అన్నను ఇసుక లారీ కొట్టింది.

బాపు ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టులే అడిగి చేసేవాడు. పొద్దున ఇంటికొచ్చి స్నానం చేసి, తిని, ముందు గదిలో మంచం మీద తొమ్మిదింటికి వాలితే మూడింటిదాకా లేచేవాడు కాదు. అన్న పోయాక మంచం మీద వాలడమే మిగిలింది. నేను జూన్‌లో ఇంటికొచ్చేసరికి ఆయన కళ్ళ కింద తోలు సంచుల్లా వేలాడుతోంది. దవాఖాన గోలీలు రెండు వారాలు పని చేసి ఆగిపోయాయి.

ఆగస్టులో ఒకరోజు బాపుతో పని చేసే యాకయ్య మామ ఇంటికొచ్చాడు. బాపు దుకాణానికి పోయిన సమయం చూసుకొని వచ్చాడని తెలుస్తూనే ఉంది.

"వదినే, మనిషి నిలవడి నిద్రవోతుండు" అన్నాడు అవ్వతో. "నిన్న దుంగ నిలవెట్టుకుంట కండ్లు మూసిండు. నేను రెక్క వట్టి గుంజిన. మేం జరిగిన జాగల గింత రాయి వడ్డది."

చేతులతో చూపించాడు. మా తిరగలి రాయంత.

"నేను దినాం పక్కన ఉంటనా? రేపు వేరే జాగల ఏస్తే?"

అవ్వ చాయ్ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

సెప్టెంబర్‌లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు బందయ్యాయి. బస్సులు, బడులు, ఆఫీసులు అన్నీ బందయ్యాయి. క్వార్టర్ల ముందు టెంటు వేశారు. అందరూ రాష్ట్రం రావాలని మొక్కుతుంటే, మా అవ్వ మాత్రం చర్చిలో మోకరించి సమ్మె జల్దీ అయిపోవద్దని ప్రార్థన చేసేదట. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత చెప్పింది. సమ్మె ఉన్నన్ని రోజులు బాపు బాయిలోకి దిగడు. ఆ లోపు ఆయనకు నిద్ర రావాలి. మా ఇంట్లో లెక్క అదొక్కటే.

టెంటులో ఉద్యమంలో ప్రాణాలిచ్చిన అమరుల ఫొటోలు పెట్టారు. రెండో రోజు యాకయ్య మామ అన్న ఫొటో అడగడానికి వచ్చాడు.

"వాడు లారీ కింద వడ్డడు యాకయ్యా" అన్నాడు బాపు. "వాళ్ళ సరసన వాని బొమ్మ పెట్టుడు అబద్ధమైతది."

"ఉద్యమం పాటకు వాయించి వస్తుంటెనే గదనే పోయింది?"

"వస్తుంటె పోయిండు. వాయిస్తుంటె పోలేదు."

యాకయ్య మామ కాసేపు కూర్చొని వెళ్ళిపోయాడు. ఆయన పోయాక బాపు గోడ వైపు చూస్తూ, నాతోనా అవ్వతోనా తెలియకుండా అన్నాడు.

"వాడు పొద్దుగాల వాయించేది జూడు. గది ఒక్కసారి ఇనవడితే నాకు నిద్ర వడుతది కావచ్చు."

అవ్వా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గిటారును ఆయన తిట్టని రోజు లేదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషిని పండుకోనియ్యవా, నీ తుంతునలు బందువెట్టు అని అరిచేవాడు.

"నీకు మంచిగ అనిపిస్తదని వానికి ఎన్నడన్న చెప్పినవా?" అంది అవ్వ.

బాపు చెప్పులు వేసుకొని టెంటుకు వెళ్ళిపోయాడు.

గిటారు లోపలి గదిలో, అన్న మంచం కింద ఉంది. చర్చివాళ్ళు కొత్తది తెచ్చుకున్నప్పుడు ఇచ్చేసిన పాత ఎర్ర గిటారు. ప్రమాదం రోజు అది ధూంధాం వాళ్ళ వ్యాన్‌లో వచ్చింది కాబట్టి దానికి ఒక్క గీత కూడా పడలేదు. దాని స్పీకరు డబ్బా కూడా పక్కనే ఉంది. మంచం మీద బొంత మడిచి ఉంది. అవ్వ పాత చీరలు, బాపు చినిగిన ఖాకీ అంగీలు కలిపి కుట్టిన బొంత. తలుపుకు దూరంగా ఉన్న మూలలో, గోడ మీద నూనె మరక కనిపించింది. వీపు ఆనినంత వెడల్పు, పైన తల ఆనినంత గుండ్రం. అన్న అక్కడ కూర్చునేవాడన్నమాట. గాలి వచ్చే కిటికీ వదిలి ఆ ఉక్క మూలకు ఎందుకు పోయేవాడో అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

మరునాడు స్పీకరు డబ్బాను తుడిచి ముందు గదిలో కుర్చీ మీద, బాపు మంచానికి ఎదురుగా పెట్టాను. పెద్దమనిషికి వినిపించేటప్పుడు ఎదురుగా పెట్టాలి కదా. అన్న సొంతంగా కట్టుకున్న వరుస ఒకటి ఉంది. మాటలు లేనిది. సెలవులకు వచ్చినప్పుడు, బాపు షిఫ్టుకు పోయాక రాత్రిళ్ళు నాకు నేర్పాడు. నాకు వచ్చింది అదొక్కటే. తడుముకుంటూ వాయించాను.

"కాదు" అన్నాడు బాపు.

"నాకు మంచిగ రాదు బాపూ. చెయ్యి తిరగాలె."

"నీకు రాదని నాకెర్కే బిడ్డా. నీ వాయించుడు గురించి గాదు నేననేది. సప్పుడు. గిది అద్దం మీద గోరుతోని గీకినట్టున్నది. వాని సప్పుడు గిట్లుండకపోవు."

"మరెట్లుండె?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "బాయిల రెండు గోడల అవతల ఎవలన్న కూనిరాగం దీస్తే ఎట్లుంటది? గట్లుండె. భూమిలకెల్లి వచ్చినట్టు."

నేను చదువుకున్నదాన్ని. అదే గిటారు, అదే డబ్బా, అయినా చప్పుడు వేరుగా ఉందంటే కారణం ఉండాలి. ఆ కారణం నాకు తెలుసనే అనుకున్నాను. అన్నకు అయస్కాంతాలు మార్చే పిచ్చి పట్టిందని ఫోన్లో వింటూనే ఉన్నాను. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అని చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు రాగితీగ చుట్టలు, వాటి అడుగున ఒక అయస్కాంతం పలక. తీగ వణికితే ఆ అయస్కాంతం వల్ల రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటే డబ్బాలో చప్పుడవుతుంది. అయస్కాంతం మారిస్తే గొంతు మారుతుంది. కొన్నిటితో మెత్తబడుతుంది, కొన్నిటితో పదునెక్కుతుంది.

అన్న పౌడరు డబ్బాలో ఇంకో పలక దొరికింది. తీగలు వదులు చేసి, పికప్ పైకి తీసి తిరగేసి, అడుగున ఉన్న నాలుగు మరలు వదులు చేశాను. ఇనుప వస్తువు పెడితే పట్టుకుంటుంది కాబట్టి ఐస్‌క్రీం పుల్లతో లోపలి పలకను మెల్లగా నెట్టాను. బూడిద రంగులో గరుకుగా ఉన్న పలక బయటికొచ్చింది. దిక్సూచితో ఉత్తరం వైపు చూసుకొని గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. రెండోదాన్ని అదే దిక్కున జరిపి మరలు బిగించాను.

వినిపించడానికి కరెంటు లేదు. బాయిలు ఆగాయి కాబట్టి కరెంటు ఆగింది. యాకయ్య మామకు అది పెద్ద నవ్వు.

"మనం బొగ్గు దియ్యకుంటె నీ డబ్బ పలుకుతలేదు సూడు బిడ్డా. గదీ మన పవరంటె. ఢిల్లీల ఇనవడ్తలేదు గని మీ ఇంట్లయితె ఇనవడ్డది."

సాయంత్రం కరెంటు వచ్చాక వాయించాను.

"జర నయం. కాని గాదు" అన్నాడు బాపు.

ఆ 'జర నయం' పట్టుకొని నేను రెండు వారాలు పోగొట్టాను. మెత్తని చప్పుడే ఆయనకు కావాలనుకున్నాను. ఒక అయస్కాంతానికి ఇంకో అయస్కాంతాన్ని ఎదురు పెట్టి రుద్దితే దాని బలం తగ్గుతుంది. రోజుకింత రుద్ది, బిగించి, వినిపించేదాన్ని. ఒకరోజు బాపు లేచి కూర్చున్నాడు.

"దగ్గరికొచ్చినవ్ బిడ్డా!"

ఆ రాత్రి అవ్వ నాకు రెండు గుడ్లు వండి పెట్టింది. మరునాడు ఇంకొంచెం రుద్దాను. బాపు తల అడ్డంగా ఊపాడు. ఇంకొంచెం రుద్దాను. చప్పుడు సన్నబడి సన్నబడి దోమ రెక్కంత అయింది.

"సన్నగ గాదు జ్యోత్స్నా. లోతుకెల్లి అన్న. సన్నగైతె లోతయితదా?"

ఆయన విసుక్కోలేదు. ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ వారంలోనే సమ్మెలో భాగంగా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బాపు అన్నం గంజు దగ్గర గరిటె పట్టుకొని నిలబడ్డాడు. చుట్టూ డప్పులు, నినాదాలు. ఆ మోతలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కళ్ళు మూశాడు. చెయ్యి జారి గంజు అంచుకు తగిలింది. అరచేయి బొబ్బలెక్కి ఇంటికొస్తే అవ్వ వెన్న రాసి గుడ్డ కట్టింది. గుడ్డ కడుతూ నా వైపు చూసింది. ఏదో అడుగుతున్నట్టు చూసింది. కాదు, ఏదో చెప్పబోయినట్టు చూసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

దసరా వెళ్ళిన వారానికి ప్రేమ్‌చంద్ అన్న వచ్చాడు. కొత్తగూడ దగ్గర తండా వాళ్ళది. ధూంధాంలలో అన్న పక్కన కీబోర్డు వాయించేవాడు. ఆ రాత్రి బండి మీద వెనక కూర్చున్నది ఆయనే. కాలులో రాడ్డు వేశారు. బస్సులు లేకపోతే ఎవరిదో బండి మీద అంత దూరం వచ్చాడు. వాళ్ళమ్మ జమ్లీ పంపిన తేనె సీసా అవ్వ చేతికిచ్చాడు. బాపు టెంటులో ఉన్నాడు. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. నేను పికప్ విప్పి ముందు పెట్టుకొని ఉన్నాను.

"నల్లది ఏసి చూసినవా చెల్లె?" అన్నాడు.

"ఏ నల్లది?"

"అన్న జేబుల ఉండె. దవాఖానల ఇయ్యలేదా? గా ముక్క కోసమే గదా గా దినం జనగామకు వచ్చింది."

నాకు హాస్టల్ గేటు గుర్తొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అన్న గేటు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి నల్ల పలక తీసి ఇనుప గేటుకు టక్కున అంటించి, నా మొహం చూసి నవ్వాడు. జనగామలో మైకుసెట్లు బాగుచేసే హీరాలాల్ సేటు, పెద్ద స్పీకరు అయస్కాంతాన్ని రాళ్ళు కోసే మిషన్ మీద పెట్టి సన్నగా కోసిచ్చాడట. "ఎంత మెల్లగ వాయించినా జీవమున్న సప్పుడొస్తదట. దీంతోని బాపు లేచి కూసుంటడు సూడు" అన్నాడు. పరీక్షలు పెట్టుకొని నీ అయస్కాంతాల గోల ఏందన్నా, నీకు పని లేదా అన్నాను నేను. పలకను గేటు నుంచి ఊడదీసుకొని, "చదువుకో, చదువుకో" అని వెళ్ళిపోయాడు. మేము మాట్లాడుకున్నది అదే ఆఖరు.

"బాపు లేచి కూసుంటడు అన్నడు" అన్నాను ప్రేమ్‌చంద్ అన్నతో. "ఎందుకన్నడో నేను అడగలే."

ఆయన అవ్వ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"బాపు ఎప్పుడో అన్నడట. నీది సచ్చిన సప్పుడు రా, కుండల ఈగ వడ్డట్టున్నది అని. అన్న మాకు నవ్వుకుంటనే చెప్పిండు. కాని మనసుల వెట్టుకున్నడు. గప్పటికెల్లే ఈ ముక్కలు మార్చుడు. గా దినం మా పోగ్రాం జల్దీనే అయిపోయింది. ఈడ్నే పండుకొని తెల్లారి పోదామన్న నేను. ఇన్లేదు. పొద్దుగాల బాపు షిఫ్టు దిగి వచ్చేవరకు దీన్ని ఎక్కియ్యాలె అన్నడు."

చాటలో అవ్వ వేళ్ళు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. రాయి ఒకటి తీసి గడప అవతలికి విసిరింది.

"ఈ ముచ్చట ఆయనకు చెప్పకు కొడుకా."

"నేనెందుకు చెప్తనవ్వా."

ఆయన పోయాక బియ్యం డబ్బా వెనక నుంచి కవరు తీశాను. తాళంచెవిని పక్కకు జరుపుతూ జరుపుతూ ఊడదీశాను. నల్ల పలక అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. పికప్‌లో పెడితే వెంట్రుక సందు లేకుండా కూర్చుంది. ఇదే అయి ఉంటుందని నాకు గట్టి నమ్మకం కలిగింది. అన్న ఆఖరుకు ఎంచుకున్నది ఇది. బాపు కోసం ఎంచుకున్నది. ఎక్కడిదో ఆయనకు చెప్పలేదు. ఎప్పటిలాగే ఇంకో ముక్క అన్నట్టు కూర్చోబెట్టి వాయించాను.

మొదటి దెబ్బకే గది నిండిపోయింది. అలమారలో గిన్నెలు జల్లుమన్నాయి. బాపు కట్టు కట్టిన చేతినే చెవికి అడ్డం పెట్టుకున్నాడు.

"తీసెయ్ తీసెయ్! గిది అసలే గాదు. గిది వాని గిటారే గాదు."

అవ్వ లేచి లోపలికి పోయింది. నేను డబ్బా ఆపేసి కూర్చున్నాను. నల్ల పలకను మాత్రం ఆ రోజు తీయలేదు. చేతులు రాలేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ గిటారు ముట్టలేదు.

అక్టోబర్ మూడో వారంలో బాయిల్లో సమ్మె ఆపేశారు. వార్త వచ్చిన మరునాటి నుంచే పని. బాపుకు రాత్రి షిఫ్టు వేశారు. ఆ పగలు ఆయన తొమ్మిదింటికే మంచమెక్కాడు. పది దాటింది. నేను వాకిట్లో నుంచి చూస్తే వెల్లకిలా పడుకొని, కళ్ళు తెరిచి, పైకప్పు చూస్తున్నాడు. బాయిలో చూసినట్టు. ఎక్కడ పగులుందో వెతుకుతున్నట్టు.

అవ్వ గిన్నెలు కడుగుతున్నది కడుగుతున్నట్టే వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకొని లేచింది. ముందు గదిలోకి పోయి కుర్చీ మీది స్పీకరు డబ్బాను రెండు చేతులా ఎత్తుకుంది. బాపు మంచం మీది నుంచే చూశాడు. అవ్వ దాన్ని లోపలి గదికి తెచ్చి అన్న మంచం మీద బోర్లా పెట్టింది. బొంత తీసి, రెండు మడతలు వేసి, దాని మీద కప్పింది. చంటిపిల్లకు కప్పినట్టు చుట్టూ అదిమింది. కిటికీ మూసింది. నన్ను పిలిచి తలుపు దగ్గరికి వేసింది. ఫ్యాను ఆపింది.

"గా మూలకు కూసో. వాయించు."

"అవ్వా, గిట్లయితే సప్పుడేం ఇనవడ్తది?"

"వాయించు బిడ్డా. మీ అన్న గిట్లనే వాయించేది."

నేను గిటారు పట్టుకొని నిలబడిపోయాను.

"ఆయన పండుకోనియ్యవా అని మొత్తుకున్న కాడికెల్లి గిట్లనే" అంది అవ్వ మెల్లగా. "బాపు నిద్ర చెడొద్దని బొంత కప్పేటోడు. ఫ్యాను సప్పుడు డబ్బల జొరవడ్తదని ఫ్యాను గూడ బందుజేసేటోడు."

"ఎండకాలం గూడనా?"

"ఎండకాలం గూడ. బయటికొస్తే నీళ్ళల్ల మునిగి లేచినట్టుండేటోడు."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదవ్వా? బాపుకన్నా, నాకన్నా?"

"చెప్తే ఏమైతది? కొడుకు నా నిద్ర కోసం ఉడికిండని తెలిస్తే గా మనిషి ఇగ పండుకుంటడా?" అవ్వ కారుతున్న కళ్ళు తుడుచుకోలేదు. "నువ్వు చదువుకున్నదానివి. గా ముక్కలల్ల ఏదో ఒకటి దొరుకుతది, నేను నోరు తెరిచే పని ఉండదు అనుకున్న."

మూలలో కూర్చున్నాను. నా వీపు మరక కంటే జానెడు కిందికి ఆనింది. తీగ మీద వేలు వేశాను. బొంత లోపల ఏదో కదిలినట్టు చప్పుడు వచ్చింది. నాలుగు రోజుల కింద గిన్నెలను వణికించిన నల్ల పలకే. ఇప్పుడు దాని పదునంతా అవ్వ చీరల్లో, బాపు ఖాకీ అంగీల్లో ఇంకిపోయి, అడుగున మిగిలిన మూలుగు మాత్రం మంచం పట్టెల గుండా నేలలోకి దిగుతోంది. నా చేతులు వాయిస్తున్నాయని తెలుసు. అయినా అది నేను చేస్తున్న చప్పుడులా లేదు.

మొదటిసారి వరుస పూర్తయింది. తలుపు అవతల మంచం కిర్రుమంది.

"సాలమ్మా" అన్నాడు బాపు.

అవ్వ తలుపుకు చెయ్యి ఆనించి నిలబడింది.

"గిదే" అన్నాడు. "ఆపద్దని చెప్పు."

నేను ఆపలేదు. తప్పులు దొర్లాయి, మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తప్పులు దొర్లాయి. చెమట కళ్ళలోకి దిగింది. ఎన్నోసారి వాయిస్తుండగానో అవ్వ వేలు పెదవి మీద పెట్టి నన్ను ఆపింది. అవతల నుంచి గురక వినిపించింది. అవ్వ నేల మీద కూర్చొని, నోట్లో కొంగు కుక్కుకుంది.

బాపు మూడింటికి లేచాడు. మొహం కడుక్కొని, అన్నం తింటూ అడిగాడు.

"ఇయ్యాల ఏ ముక్క ఏసినవ్ బిడ్డా?"

"అన్న జేబుల ఉన్నది బాపూ."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "వానికి ఎర్కుండె" అన్నాడు. మళ్ళీ కలుపుకొని తిన్నాడు. ఆ రాత్రి బాయిలోకి దిగి, పొద్దున మనిషిగా తిరిగొచ్చాడు.

హన్మకొండకు పోయి బీఈడీలో చేరాలనుకున్నదాన్ని, ఆ ఏడు చేరలేదు. బాపు షిఫ్టు దిగి వచ్చిన ప్రతి పొద్దూ తలుపు వేసుకొని, బొంత కప్పి, అన్న వరుస వాయించేదాన్ని. మూసిన కిటికీ పక్క నుంచి పోయేవాళ్ళు నడక తగ్గించేవారు. పాపయ్య కొడుకు ఇంట్లోనే తిరుగుతున్నాడని క్వార్టర్లలో అనుకున్నారు. యాకయ్య మామ భార్య పోశమ్మ అత్తమ్మ అవ్వను అడిగేసింది కూడా. "తిరగనియ్యి పోశమ్మా, వాని ఇల్లేనాయె" అంది అవ్వ.

డిసెంబర్‌లో క్రిస్మస్‌కు ఇల్లంతా సున్నం వేశాం. ప్రతి ఏడూ బాపే వేసేవాడు. ముందు గది అయిపోయాక లోపలి గదికి వచ్చాడు. సున్నం చిమ్ముతుందని డబ్బా మీది బొంతను తీశాడు. దులిపాడు. బొంతలో ఒకచోట తన పాత అంగీ చెయ్యి, గుండీతో సహా, అట్లాగే కుట్టి ఉంది. ఆ గుండీని బొటనవేలితో కాసేపు రుద్దాడు. డబ్బాను చూశాడు. మూసి ఉన్న కిటికీని, ఆపి ఉన్న ఫ్యానును చూశాడు. అవ్వా నేనూ గుమ్మంలో ఉన్నాం.

బొంతను మడిచి పక్కన పెట్టి, కుంచె సున్నంలో ముంచాడు. గోడ వెంట వేసుకుంటూ మూలకు వచ్చాడు. మరక దగ్గర కుంచె ఆపాడు. దాన్ని వదిలేసి, చుట్టూ వేసి, ముందుకు పోయాడు. తెల్లని గోడ మీద వీపు, తల అట్లాగే మిగిలాయి.

మరునాడు పొద్దున షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, తిన్నాడు. నేను లోపల బొంత కప్పి మూలలో కూర్చున్నాను. బాపు తన మంచం దగ్గరికి పోలేదు. లోపలి గది గుమ్మం దాకా వచ్చాడు. నా వైపు చూడకుండా లోపలికి చెయ్యి చాపి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరగడం మొదలైంది. తర్వాత తలుపు ఆయనే దగ్గరికి వేశాడు.

డబ్బాలో ఫ్యాను గుయ్యిమంది. నేను వాయించాను.